అవతలి లినక్స్ మెషిన్‌లోని విండో మీ స్క్రీన్ మీదకు రావడం లేదా? ఎక్కడ తెగిందో ఇలా పట్టుకోండి

"ఎస్‌ఎస్‌హెచ్‌లో లాగిన్ అవుతోంది, కమాండ్లన్నీ పనిచేస్తున్నాయి, కానీ గ్రాఫికల్ ప్రోగ్రామ్ తెరిస్తే మాత్రం 'కాంట్ ఓపెన్ డిస్‌ప్లే' అంటోంది. ఏం చేయాలి?" ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో లెక్క లేదు. అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే ఐదారు చిట్కాలు ప్రయత్నించి ఉంటారు. సగం కేసుల్లో అసలు జబ్బు కన్నా ఆ చిట్కాలే ఎక్కువ చిక్కు తెచ్చిపెడతాయి.

అందుకే ముందే ఒక మాట. విండో ఏ స్క్రీన్ మీద రావాలో ప్రోగ్రామ్‌లకు చెప్పేది డిస్‌ప్లే అనే వేరియబుల్. అవతలి మెషిన్‌లో దాన్ని మీ చేత్తో పెట్టకండి. దాన్ని పెట్టాల్సింది ఎస్‌ఎస్‌హెచ్, అంటే దూరాన ఉన్న మెషిన్‌లోకి భద్రంగా లాగిన్ చేయించే ప్రోగ్రామ్. అది పెట్టలేదంటే దారిలో ఎక్కడో తెగింది. ఆ తెగిన చోటు వెతకాలి తప్ప, మనమే ఏదో ఒక విలువ రాసేస్తే అతుక్కోదు. నేనూ ఒకసారి ఒక సాయంత్రమంతా సర్వర్ సెట్టింగులు తిరగేశాను. చివరికి చూస్తే, షెల్ తెరిచిన ప్రతిసారీ నడిచే బ్యాష్‌ఆర్‌సీ ఫైల్లో ఎప్పుడో నేనే "ఎక్స్‌పోర్ట్ డిస్‌ప్లే=:0" అని ఒక లైను రాసి మర్చిపోయాను. ఎస్‌ఎస్‌హెచ్ ప్రతిసారీ సరైన విలువ ఇస్తోంది, ఆ లైను ప్రతిసారీ దాన్ని చెరిపేస్తోంది.

కమాండ్లను ఫోన్‌లో చెప్పుకున్నట్టు పలికే తీరులో రాస్తున్నాను, మీరు ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేయండి. పెద్ద అక్షరమా చిన్న అక్షరమా అన్నది ముఖ్యమైన చోట విడిగా చెబుతాను. డిస్‌ప్లే, ఎక్స్‌అథారిటీ లాంటి వేరియబుల్ పేర్లు మాత్రం ఎప్పుడూ అన్నీ పెద్ద అక్షరాలే.

కావలసినవి

- మీ ముందున్న మెషిన్‌లో నడుస్తున్న గ్రాఫికల్ డెస్క్‌టాప్. అది వేలాండ్ (కింద చెప్పే ఎక్స్11 స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి) డెస్క్‌టాప్ అయితే, ఎక్స్11 ప్రోగ్రామ్‌లను అందులో చూపించే ఎక్స్‌వేలాండ్ లోపల ఉండాలి. పేరున్న డెస్క్‌టాప్‌లలో ఇది మామూలుగా వచ్చే ఉంటుంది.
- అవతలి మెషిన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్, ఎక్స్‌ఆథ్ అనే చిన్న ప్రోగ్రామ్. స్పెల్లింగ్: ఎక్స్, ఏ, యూ, టీ, హెచ్. అన్నీ చిన్నవి.
- పరీక్షకు ఎక్స్‌ఐస్ లేదా ఎక్స్‌క్లాక్. డెబియన్, ఉబుంటులలో ఇవి "ఎక్స్11-యాప్స్" ప్యాకేజీలో దొరుకుతాయి.
- అవతలి మెషిన్‌లో సుడో హక్కు. లేకపోతే 4వ మెట్టు మీ అడ్మిన్‌తో చేయించుకోండి. మిగతావన్నీ మీరే చేసుకోవచ్చు.

అవతలి మెషిన్‌కి మానిటర్ అక్కర్లేదు. పూర్తి డెస్క్‌టాప్ కూడా అక్కర్లేదు. ఇది తెలియక సర్వర్ మీద డెస్క్‌టాప్ మొత్తం ఇన్‌స్టాల్ చేసేవాళ్లను చూశాను. డిస్క్ నిండుతుంది, సమస్య అలాగే ఉంటుంది.

థియరీ ఒక్క ముక్క చాలు. విండోలు చూపించడానికి 1987లో వచ్చిన ఎక్స్11 పద్ధతిలో, స్క్రీన్, కీబోర్డ్, మౌస్ ఎవరి దగ్గర ఉంటే వాళ్లదే "సర్వర్". విండో చూపించమని అడిగే ప్రోగ్రామ్ "క్లయింట్". అంటే ఇక్కడ ఎక్స్ సర్వర్ మీ ముందున్న ల్యాప్‌టాపే, ఎక్కడో ఉన్న పెద్ద మెషిన్ కాదు. అవతలి ప్రోగ్రామ్ విండోని ఎస్‌ఎస్‌హెచ్ దారిలో మీ స్క్రీన్ మీదకు తేవడమే ఎక్స్ ఫార్వర్డింగ్. మాటలు తలకిందులుగా అనిపిస్తాయి, కానీ ఎర్రర్లు చదివేటప్పుడు ఇది గుర్తుంటే చాలా తికమక తప్పుతుంది.

1. ముందు మీ మెషిన్‌నే చూసుకోండి

ఎస్‌ఎస్‌హెచ్ చేయకముందే, మీ టెర్మినల్‌లో "ఎకో $డిస్‌ప్లే" కొట్టండి. ":0" లేదా ":1" లాంటిది రావాలి. వస్తే ఎక్స్‌ఐస్‌ని ఇక్కడే ఒకసారి నడిపి చూడండి. రెండు కళ్లు కనిపిస్తే ఇవతలి వైపు బాగున్నట్టే.

ఖాళీ లైను వస్తే ఇక ముందుకు వెళ్లకండి. మీరు టెక్స్ట్ కన్సోల్‌లో ఉండొచ్చు, లేదా డెస్క్‌టాప్ బయట ఎప్పుడో మొదలుపెట్టిన టీమక్స్ (లాగిన్ పోయినా షెల్‌ని బతికించి ఉంచే ప్రోగ్రామ్) సెషన్‌లో ఉండొచ్చు. డెస్క్‌టాప్‌లో కొత్త టెర్మినల్ తెరిచి మళ్లీ చూడండి. ఇక్కడ ఖాళీగా ఉంటే ఎస్‌ఎస్‌హెచ్ అవతలికి పంపడానికి ఏమీ ఉండదు.

2. పెద్ద ఎక్స్‌తో లాగిన్ అవ్వండి

"ఎస్‌ఎస్‌హెచ్ -వీ -ఎక్స్ యూజర్@మెషిన్" అని కొట్టండి. వీ చిన్నది, ఎక్స్ పెద్దది. ఇక్కడ చాలామంది తప్పటడుగు వేస్తారు. చిన్న ఎక్స్ కొడితే ఎర్రర్ ఏమీ రాదు, ఎందుకంటే అదీ సరైన ఆప్షనే. దాని అర్థం "ఎక్స్ ఫార్వర్డింగ్ వద్దు" అని. మీరే తలుపు మూసి, ఎందుకు తెరుచుకోవడం లేదని వెతుకుతుంటారు.

చిన్న వీ పెట్టినందుకు బోలెడు లైన్లు వస్తాయి. వాటిలో మీకు కావలసింది "రిక్వెస్టింగ్ ఎక్స్11 ఫార్వర్డింగ్" అని మొదలయ్యే లైను. అది కనిపిస్తే మీ వైపు నుంచి అడగడం జరిగింది. దాని తర్వాత "ఎక్స్11 ఫార్వర్డింగ్ రిక్వెస్ట్ ఫెయిల్డ్ ఆన్ ఛానెల్ 0" అని వస్తే అవతలి మెషిన్ కాదంది. నేరుగా 4వ మెట్టుకు వెళ్లండి.

మధ్యలో ఇంకో మెషిన్ మీదుగా వెళ్లాల్సి వస్తే ఒక్కో మెషిన్‌లో దిగి మళ్లీ ఎస్‌ఎస్‌హెచ్ చేయకుండా, పెద్ద జే ఆప్షన్ వాడండి: "ఎస్‌ఎస్‌హెచ్ -ఎక్స్ -జే మధ్యమెషిన్ యూజర్@చివరిమెషిన్". అప్పుడు మధ్య మెషిన్‌లో ఎక్స్‌ఆథ్ ఉందా లేదా అన్న బాధ ఉండదు. దిగి దిగి వెళ్లే పద్ధతే తప్పదంటే ప్రతి చోటా పెద్ద ఎక్స్ పెట్టాలి. ఒక్క చోట మర్చిపోయినా అక్కడితో సరి.

3. అవతల డిస్‌ప్లే ఎంత వచ్చిందో చూడండి

లాగిన్ అయ్యాక, ఇంకేమీ చేయకుండా, "ఎకో $డిస్‌ప్లే" కొట్టండి. మొత్తం వ్యవహారం ఈ ఒక్క జవాబు మీద ఆధారపడి ఉంటుంది.

"లోకల్‌హోస్ట్:10.0" వస్తే దారి పడినట్టే. 10 బదులు 11, 12 వచ్చినా మంచిదే, మీకన్నా ముందు ఇంకెవరో లాగిన్ అయి ఉన్నారని అర్థం. 5వ మెట్టుకు వెళ్లండి. ఈ అంకె ప్రతి లాగిన్‌కీ మారొచ్చు, కాబట్టి నిన్నటిది గుర్తుపెట్టుకుని ఇవాళ వాడకండి, పక్కవాళ్లది అసలే వాడకండి.

ఖాళీ వస్తే 4వ మెట్టు.

":0" వస్తే, ఏదో ఒక ఫైలు మీ మీద పెత్తనం చేస్తోంది. హోమ్ డైరెక్టరీలో "గ్రెప్ డిస్‌ప్లే .బ్యాష్‌ఆర్‌సీ .బ్యాష్_ప్రొఫైల్ .ప్రొఫైల్" కొట్టండి, డిస్‌ప్లే పెద్ద అక్షరాల్లో. దొరికిన లైను తీసేసి, బయటకు వచ్చి మళ్లీ లాగిన్ అవ్వండి. జెడ్‌షెల్ వాడేవాళ్లు జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీ ఫైలు కూడా చూడండి.

4. అవతలి మెషిన్ కాదంటే

నా అనుభవంలో ఎక్కువసార్లు దొరికే కారణం మొదట రాస్తున్నాను. ఇదే వరుసలో చూడండి.

మొదటిది, ఎక్స్‌ఆథ్ లేకపోవడం. అవతల "విచ్ ఎక్స్‌ఆథ్" కొట్టండి. ఏ దారీ చూపించకపోతే ఇన్‌స్టాల్ చేయండి. ప్యాకేజీ పేరు డెబియన్, ఉబుంటులలో "ఎక్స్‌ఆథ్", ఫెడోరా, రెడ్‌హ్యాట్ కుటుంబంలో "ఎక్స్‌ఆర్గ్-ఎక్స్11-ఎక్స్‌ఆథ్", ఆర్చ్‌లో "ఎక్స్‌ఆర్గ్-ఎక్స్‌ఆథ్". మినిమల్ ఇన్‌స్టాల్ చేసిన సర్వర్లలో, క్లౌడ్ ఇమేజ్‌లలో ఇది లేకపోవడం మామూలే.

రెండోది, సర్వర్ సెట్టింగ్. "సుడో ఎస్‌ఎస్‌హెచ్‌డీ -టీ | గ్రెప్ ఎక్స్11" కొట్టండి, ఇక్కడ టీ పెద్దది, ఎక్స్ చిన్నది. ఇది ఫైల్లో రాసినదాన్ని కాదు, సర్వర్ ఆ సెట్టింగుల నుంచి చివరికి తేల్చుకున్న విలువలను చూపిస్తుంది. ఎక్కడెక్కడి ఫైళ్లో కలిసి వచ్చే ఈ రోజుల్లో ఫైలు తెరిచి చూడటం కన్నా ఇదే నమ్మదగ్గ పద్ధతి. "ఎక్స్11ఫార్వర్డింగ్ యెస్" ఉండాలి. మామూలు ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో ఇది డిఫాల్ట్‌గా "నో", కొన్ని డిస్ట్రోలే దాన్ని "యెస్" చేసి ఇస్తాయి.

మార్చాలంటే "/ఈటీసీ/ఎస్‌ఎస్‌హెచ్/ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్" ఫైల్లో మార్చండి. ఫైలు పేరులో ఎస్‌ఎస్‌హెచ్ పక్కన డీ ఉందో లేదో చూసుకోండి. డీ లేని ఫైలు క్లయింట్‌ది, అందులో ఎంత రాసినా ఇక్కడ ఉపయోగం లేదు.

హెచ్చరిక: మార్చాక "సుడో ఎస్‌ఎస్‌హెచ్‌డీ -టీ" కొట్టండి, ఈసారి టీ చిన్నది. అది ఏమీ అనకుండా ఊరుకుంటే ఫైల్లో తప్పుల్లేవు. అప్పుడే సర్వీస్‌ని రీలోడ్ చేయండి. సర్వీస్ పేరు డెబియన్, ఉబుంటులలో "ఎస్‌ఎస్‌హెచ్", మిగతా చాలావాటిలో "ఎస్‌ఎస్‌హెచ్‌డీ". ఇప్పుడున్న లాగిన్‌ని మూయకండి. ఇంకో టెర్మినల్ తెరిచి కొత్తగా లాగిన్ అవుతోందని రూఢి చేసుకున్నాకే పాతది వదలండి. దూరాన ఉన్న మెషిన్‌కి ఉన్న ఒకే దారిని మీ చేత్తో మూసుకుంటే ఎవరో ఒకరు దాని దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. మీరు కంట్రోల్‌మాస్టర్ (ఒకే కనెక్షన్‌ని చాలా లాగిన్లు పంచుకునే ఎస్‌ఎస్‌హెచ్ సౌకర్యం) వాడుతుంటే "కొత్త" లాగిన్ కూడా పాత కనెక్షన్ మీదే వెళ్తుంది, కాబట్టి మార్పు కనిపించదు. మీ మెషిన్‌లో "ఎస్‌ఎస్‌హెచ్ -ఓ ఎగ్జిట్ మెషిన్" కొట్టి, ఓ పెద్దది, పాత కనెక్షన్‌ని తెంచి మళ్లీ రండి.

ఈ రెండూ సరిగ్గా ఉన్నా రాకపోతే:

- అవతల ఐపీవీ6 ఆపేసి ఉంటే, కొన్ని మెషిన్లలో ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ డిస్‌ప్లే కోసం పోర్ట్ తెరవలేక ఊరుకుంటుంది. సర్వర్ సెట్టింగుల్లో "అడ్రస్‌ఫ్యామిలీ ఐనెట్" అని పెడితే సరిపోతుంది.
- ఆథరైజ్డ్_కీస్ ఫైల్లో మీ కీ ముందు "నో-ఎక్స్11-ఫార్వర్డింగ్" లేదా "రిస్ట్రిక్ట్" ఉందేమో చూడండి. ఉంటే ఎవరో కావాలనే పెట్టి ఉంటారు. అడిగి తీయండి.
- హోమ్‌లోని .ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో "ఆర్‌సీ" అనే ఫైలు ఉంటే, సర్వర్ తనంతట తాను ఎక్స్‌ఆథ్‌ని నడపదు, ఆ పని ఆ ఫైలే చేయాలి. అప్పుడు డిస్‌ప్లే బాగానే కనిపిస్తుంది కానీ విండో రాదు. అరుదే, కానీ తగిలితే పట్టుకోవడం కష్టం.

5. చిన్న ప్రోగ్రామ్‌తోనే పరీక్షించండి

బ్రౌజర్‌తోనో పెద్ద డిజైన్ సాఫ్ట్‌వేర్‌తోనో పరీక్ష మొదలుపెట్టకండి. వాటికి వాటి సొంత తిప్పలు ఉంటాయి, ఏది ఎవరి తప్పో తెలియదు. ముందు అవతల "ఎక్స్‌డీపీవైఇన్ఫో | హెడ్" కొట్టండి. డెబియన్, ఉబుంటులలో ఇది "ఎక్స్11-యుటిల్స్" ప్యాకేజీలో ఉంటుంది. మీ ఎక్స్ సర్వర్ వివరాలు అక్షరాల్లో వస్తే కనెక్షన్ గట్టిగా ఉన్నట్టు. తర్వాత ఎక్స్‌ఐస్ నడపండి.

ఎక్స్‌ఐస్‌ని నేను ఇష్టపడటానికి కారణం ఉంది. కళ్లు కనిపిస్తే బొమ్మ అవతలి నుంచి వస్తోందని తెలుస్తుంది. మౌస్ కదిపితే కనుపాపలు అటు తిరిగాయంటే మీ మౌస్ కబురు అవతలికి చేరుతోందని తెలుస్తుంది. రాకపోకలు రెండూ ఒక్క చూపులో తేలిపోతాయి. వేలాండ్ డెస్క్‌టాప్‌లో మాత్రం మౌస్ ఎక్స్ విండోల మీద ఉన్నప్పుడే కనుపాపలు కదలవచ్చు. అది లోపం కాదు, టెన్షన్ పడకండి.

6. ఎర్రర్‌ని బట్టి మందు

"కాంట్ ఓపెన్ డిస్‌ప్లే: లోకల్‌హోస్ట్:10.0". డిస్‌ప్లే విలువ ఉంది, అవతలి కొస దొరకడం లేదు. ఇది ఎక్కువగా టీమక్స్, స్క్రీన్ వాడేవాళ్లకు వస్తుంది. నిన్న తెరిచిన షెల్‌లో నిన్నటి విలువే ఉంటుంది, ఇవాళ్టి లాగిన్‌ది 11 అయి ఉండొచ్చు. టీమక్స్ బయట "ఎకో $డిస్‌ప్లే" చూడండి, లోపల కొత్త విండో తెరిచి పోల్చండి. అవతల "ఎస్‌ఎస్ -టీఎల్‌ఎన్" కొడితే 6010 పోర్ట్ వింటున్నట్టు కనిపించాలి. డిస్‌ప్లే అంకెకు 6000 కలిపితే పోర్ట్ వస్తుంది, 11 అయితే 6011.

"టైమవుట్ ఇన్ లాకింగ్ అథారిటీ ఫైల్". ముందు "డీఎఫ్ -హెచ్" కొట్టి డిస్క్ నిండిందేమో చూడండి, మీకు కోటా ఉంటే అది అయిపోయిందేమో కూడా చూసుకోండి. తర్వాత హోమ్ డైరెక్టరీ మీ పేరు మీదే ఉందో, అందులో రాయగలరో చూడండి. అవీ బాగుంటే, .ఎక్స్‌అథారిటీ (ఈ ఫైలు పేరులో ఎక్స్ ఒక్కటే పెద్దది) పేరు చివర "-సీ", "-ఎల్" ఉన్న పాత లాక్ ఫైళ్లు మిగిలిపోయి ఉంటాయి. ఆ రెండూ తీసేసి మళ్లీ లాగిన్ అవ్వండి.

"రాంగ్ ఆథెంటికేషన్". ఎస్‌ఎస్‌హెచ్ మీ పేరు మీద ఒక రహస్య సంఖ్య, అంటే కుకీని, మీ హోమ్‌లోని .ఎక్స్‌అథారిటీ ఫైల్లో రాసి పెడుతుంది. సుడో, సూ వాడి వేరే యూజర్‌గా మారగానే ప్రోగ్రామ్ ఆ యూజర్ హోమ్‌లో వెతుకుతుంది, అక్కడ అది ఉండదు. తప్పనిసరి అయితే "సుడో ఎక్స్‌అథారిటీ=$హోమ్/.ఎక్స్‌అథారిటీ ప్రోగ్రామ్" అని నడపండి. సూ వాడేటట్టయితే, ముందు మీ యూజర్‌గా "ఎక్స్‌ఆథ్ లిస్ట్ $డిస్‌ప్లే" కొట్టి వచ్చిన లైను కాపీ చేసుకోండి. మారాక "ఎక్స్‌ఆథ్ యాడ్" అని రాసి దాని పక్కన ఆ లైను అతికించండి, డిస్‌ప్లే కూడా అదే విలువకు పెట్టండి. చేత్తో పెట్టడం సబబైన చోటు నాకు తెలిసి ఇదొక్కటే. ఒక్క కాన్ఫిగ్ ఫైలు దిద్దడానికే అయితే ఇదంతా ఎందుకు, సుడోఎడిట్ వాడండి.

స్నాప్ అనే ప్యాకేజీ రూపంలో వచ్చే ప్రోగ్రామ్‌లకు, ఉదాహరణకు ఉబుంటులోని ఫైర్‌ఫాక్స్‌కు, యూజర్ మారకపోయినా ఇదే ఎర్రర్ వస్తుంది. అవతల "ఎక్స్‌పోర్ట్ ఎక్స్‌అథారిటీ=$హోమ్/.ఎక్స్‌అథారిటీ" కొట్టి మళ్లీ తెరవండి.

ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. ఏ ఎర్రర్‌కైనా "ఎక్స్‌హోస్ట్ +" కొట్టమని ఎవరైనా చెబితే వినకండి. ఎక్స్ ఫార్వర్డింగ్‌లో దాని అవసరమే లేదు. మీ ఎక్స్ సర్వర్‌ని చేరుకోగలిగిన ప్రతివారికీ అది తలుపు బార్లా తీసేస్తుంది.

7. చిన్నవి వస్తున్నాయి, పెద్దవి రావడం లేదు

కాసేపు బాగా నడిచి, తర్వాత కొత్త విండోలు రావడం మానేస్తే, అది పెద్ద ఎక్స్‌కి ఉన్న గడువు. అన్‌ట్రస్టెడ్ పద్ధతిలో, అంటే అవతలి ప్రోగ్రామ్‌ని పూర్తిగా నమ్మని పద్ధతిలో, డిఫాల్ట్‌గా 20 నిమిషాల తర్వాత కొత్త కనెక్షన్లను ఎస్‌ఎస్‌హెచ్ ఒప్పుకోదు. పెద్ద వై ఆప్షన్‌కి ఆ గడువు లేదు. "బ్యాడ్‌యాక్సెస్" అంటూ పడిపోయే ప్రోగ్రామ్‌లు కూడా పెద్ద వైతో నడవొచ్చు. డెబియన్, ఉబుంటులలో మాత్రం పెద్ద ఎక్స్ కూడా డిఫాల్ట్‌గా పెద్ద వై లాగే పనిచేస్తుంది. అందుకే ఒకరికి వచ్చే ఇబ్బంది ఇంకొకరికి రాదు. ఏదైనా సరే, పెద్ద వై ఇచ్చారంటే అవతలి మెషిన్‌లో రూట్ హక్కు ఉన్నవాళ్లు మీరు కొట్టే కీలను కూడా చూడగలరు. మీకు పూర్తి నమ్మకం ఉన్న మెషిన్‌కే ఇవ్వండి.

ఎర్రర్ ఏమీ లేకుండా విండో మాయమైతే, అవతలి మెషిన్ సొంత డెస్క్‌టాప్‌లో మీరు లాగిన్ అయి ఉన్నారేమో గుర్తుచేసుకోండి. గ్నోమ్ టెర్మినల్ లాంటివి డీ-బస్ (ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) ద్వారా అప్పటికే నడుస్తున్న తమ కాపీకి కబురు పంపుతాయి, విండో అక్కడ తెరుచుకుంటుంది. ఒకసారి నేను ఇక్కడ ఏమీ రావడం లేదని మళ్లీ మళ్లీ ఎంటర్ కొట్టాను. మర్నాడు ఆ మెషిన్ దగ్గరికి వెళ్తే దాని మానిటర్ మీద ఆరు టెర్మినల్ విండోలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉన్నాయి. ఇలాంటప్పుడు ముందు "డీబస్-రన్-సెషన్" అని రాసి, పక్కన ప్రోగ్రామ్ పేరు ఇవ్వండి.

3డీ ప్రోగ్రామ్‌లు ఓపెన్‌జీఎల్ ఎర్రర్లతో ఆగిపోతే, అవతల "లిబ్‌జీఎల్_ఆల్వేస్_సాఫ్ట్‌వేర్=1" పెట్టి చూడండి, అన్నీ పెద్ద అక్షరాలు. నెమ్మదిగా అయినా తెరుచుకోవచ్చు. రోజూ 3డీ పని ఉంటే వర్చువల్‌జీఎల్ వేసుకోవడం మేలు.

అంతా నడుస్తోంది కానీ నత్తనడక అంటే, పెద్ద సీ ఆప్షన్ కంప్రెషన్ ఇస్తుంది. లైను సన్నగా ఉంటే అది ఉపయోగపడుతుంది. కానీ రెండు మెషిన్ల మధ్య దూరం ఎక్కువైతే పెద్దగా లాభం ఉండదు, ఎందుకంటే ఎక్స్ ప్రోగ్రామ్ ఒక్క మెనూ తెరవడానికే ఎన్నోసార్లు అటూ ఇటూ మాట్లాడుకుంటుంది. అలాంటి చోట ఎక్స్‌ప్రా వాడండి. దానికి ఇంకో గొప్ప సుగుణం ఉంది. మామూలు ఫార్వర్డింగ్‌లో నెట్ తెగితే ప్రోగ్రామ్ కూడా పోతుంది, సేవ్ చేయని పని దానితోపాటే పోతుంది, నోహప్ పెట్టినా ఆగదు. ఎక్స్‌ప్రాలో ప్రోగ్రామ్ అవతల బతికే ఉంటుంది, మళ్లీ కలవొచ్చు. గంటల తరబడి చేసే పని అయితే మొదటి రోజు నుంచే దీన్ని వాడమంటాను.

వేలాండ్ మాత్రమే తెలిసిన ప్రోగ్రామ్ అయితే ఎక్స్ ఫార్వర్డింగ్‌తో ఎంత కుస్తీ పట్టినా రాదు. రెండు మెషిన్లలోనూ వేపైప్ ఇన్‌స్టాల్ చేసి, "వేపైప్ ఎస్‌ఎస్‌హెచ్ యూజర్@మెషిన్ ప్రోగ్రామ్" అని నడపండి.

ఇంకా రాకపోతే, ఎవరినైనా అడిగేటప్పుడు

"రావడం లేదు" అని మాత్రమే రాయకండి. రెండు మెషిన్లలోనూ "ఎకో $డిస్‌ప్లే" జవాబు, చిన్న వీతో వచ్చిన లైన్లలో ఎక్స్11 మాట ఉన్నవి, సర్వర్ సెట్టింగుల్లో ఎక్స్11 లైన్లు, ఎర్రర్ మాట అక్షరం పొల్లుపోకుండా, ఈ నాలుగూ పెట్టండి. ఇవి ఉంటే తెలిసినవాళ్లకు ఎక్కడ తెగిందో చూడగానే తెలిసిపోతుంది. "ఎక్స్‌ఆథ్ లిస్ట్" జవాబు మాత్రం పెట్టకండి, అందులో ఉన్న పొడవాటి సంఖ్యే మీ స్క్రీన్‌కి తాళంచెవి. పొరపాటున పెట్టేసి ఉంటే ఆ లాగిన్ నుంచి బయటకు వచ్చి మళ్లీ లాగిన్ అవ్వండి, కొత్త కుకీ వస్తుంది.